ప్రతి ఎవరి సొత్తు? మాగ్నెటిక్ వీడియో కంపెనీ చరిత్ర

పుస్తకం కొన్న పాఠకుడు దాన్ని చదివి అటక మీద పడెయ్యవచ్చు, మిత్రుడికి ఇవ్వవచ్చు, పాత పుస్తకాల దుకాణంలో అమ్మెయ్యవచ్చు, రోజుకింత అని అద్దెకు తిప్పనూవచ్చు. ఆ పుస్తకంలోని రచన మీద అతనికి హక్కు లేదు. చేతిలో ఉన్న ప్రతి మీద మాత్రం సంపూర్ణమైన హక్కు ఉంది. రచన వేరు, ప్రతి వేరు అనే ఈ చిన్న తేడా మీదనే గ్రంథాలయమూ, పాత పుస్తకాల బజారూ, చేతులు మారి చిరిగిపోయే నవలా నిలబడి ఉన్నాయి.

సినిమాకు ఈ భాగ్యం పుట్టిన తర్వాత ఎనభై ఏళ్ల దాకా పట్టలేదు. టిక్కెట్టు కొన్నవాడు కొన్నది రెండు మూడు గంటల చూపు మాత్రమే. ప్రింటు స్టూడియోది. ప్రదర్శించే హాలు యజమాని సైతం అద్దెదారే. సూపర్ 8 ఫిలిం మీద కొన్ని చిత్రాలను, ఎక్కువగా కుదించిన రూపంలో, అమ్మిన మాట నిజమే. కాని అది ప్రొజెక్టరూ తెరా సమకూర్చుకోగలిగిన కొద్దిమంది వేడుక. మొత్తం మీద సినిమా ప్రేక్షకుడు కౌలుదారుగానే బతికాడు.

ఈ స్థితి 1977లో అమెరికాలో మారటం మొదలైంది. మార్పుకు చొరవ చేసింది హాలీవుడ్ కాదు, డెట్రాయిట్ నగర శివార్లలో టేపులకు నకళ్లు తీసి పెట్టే ఒక చిన్న కంపెనీ. దాని పేరు మాగ్నెటిక్ వీడియో కార్పొరేషన్. ఒక వ్యాపార సంస్థ చరిత్రతో రచయితలకేమి పని అని ఎవరైనా అడగవచ్చు. ప్రతి ఎవరి చేతిలో ఉంటుంది, ప్రతి మీద వచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది అనే రెండు ప్రశ్నలూ మన వృత్తికి ప్రాణం వంటివి. ఈ రెండూ ఒకే వస్తువు చుట్టూ ముడిపడి ఎదురెదురుగా నిలిచిన సందర్భం ఇంత స్పష్టంగా మరొకటి కనబడదు.

యంత్రం ఉంది, చిత్రం లేదు

సోనీ కంపెనీ బీటామాక్స్ యంత్రాన్ని 1975లో జపాన్‌లోనూ, ఆ ఏడాది చివర అమెరికాలోనూ విడుదల చేసింది. జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ పద్ధతి 1976లో జపాన్‌లో, 1977లో అమెరికాలో వచ్చింది. తొలి బీటామాక్స్ క్యాసెట్టు ఒక గంట సేపు మాత్రమే నడిచేది. వీహెచ్ఎస్ క్యాసెట్టు రెండు గంటలు నడిచేది. ఈ గంట తేడా చిన్నది కాదు. ఒక టీవీ కార్యక్రమం పట్టే క్యాసెట్టుకూ, ఒక పూర్తి చలనచిత్రం పట్టే క్యాసెట్టుకూ మధ్య ఉన్న తేడా అది.

అయితే ఈ యంత్రాలను తయారుచేసినవాళ్లు సినిమాలు అమ్ముదామనే ఉద్దేశంతో తయారుచెయ్యలేదు. టీవీలో ఒక వేళకు వచ్చే కార్యక్రమాన్ని పట్టి ఉంచుకొని మరో వేళకు చూసుకోవటమే దాని ప్రయోజనమని సోనీ ప్రచారం చేసింది. అది సైతం హాలీవుడ్‌కు సహించలేదు. 1976 నవంబరులో యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు సోనీ మీద దావా వేశాయి. ఇళ్లలో టేపు మీదికి ఎక్కించుకోవటం కాపీరైటు ఉల్లంఘన అనీ, ఆ యంత్రం అమ్మినవాడు అందుకు బాధ్యుడనీ వాటి వాదం. పెట్టుబడి ఒకే గొంతుతో మాట్లాడుతుందనుకొనేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. యంత్రాలు అమ్ముకొనే పెట్టుబడికి ఇంటింటా నకళ్లు పెరగటం లాభం. చిత్రాల మీద హక్కులున్న పెట్టుబడికి అదే భయం. ఈ వైరుధ్యం నుంచే ప్రేక్షకుడికి కాస్త చోటు దొరికింది.

హాలీవుడ్‌కు క్యాసెట్టు అంటే అసలు గిట్టలేదని కాదు. తమ అదుపులో ఉండే క్యాసెట్టు అయితే అభ్యంతరం లేదు. 1972లో అమెరికాలో కార్ట్రివిజన్ అనే యంత్రం వచ్చింది. దానికోసం చలనచిత్రాలను ఎర్ర రంగు క్యాసెట్లలో అద్దెకిచ్చేవారు. ఆ ఎర్ర క్యాసెట్టును ఇంట్లో వెనక్కి తిప్పటానికి వీలులేదు. ఒకసారి చూస్తే అయిపోయినట్టే. మళ్లీ చూడాలంటే దుకాణానికి తీసుకుపోయి, మళ్లీ డబ్బు కట్టవలసిందే. వస్తువు నీ ఇంట్లో ఉంటుంది, దాని తాళం మా దగ్గర ఉంటుంది అనే ఈ ఏర్పాటు పెట్టుబడి కన్న కల. 1973లోనే ఆ వ్యాపారం మూతపడింది. కాని ఆ ఎర్ర క్యాసెట్టును మనం గుర్తు పెట్టుకోవాలి. దానితో మళ్లీ పని పడుతుంది.

యాభై చిత్రాల ఒప్పందం

మాగ్నెటిక్ వీడియోను ఆండ్రే బ్లే 1968లో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థాపించాడు. పాటల టేపులకూ, పెద్ద కంపెనీలు తమ సిబ్బంది శిక్షణకు తయారుచేయించుకొనే వీడియో టేపులకూ నకళ్లు తియ్యటం దాని పని. అచ్చు పరిభాషలో చెప్పాలంటే అది ప్రచురణ సంస్థ కాదు, ఒట్టి ప్రెస్సు. ఇతరుల సరుకును ఇతరుల కోసం నకలు తీసే కార్ఖానా. ఆ పని కూడా అచ్చు వేసినంత చులాగ్గా అయ్యేది కాదు. ఆ రోజుల్లో రెండు గంటల చిత్రానికి నకలు తియ్యటానికి ఒక్కొక్క యంత్రానికీ రెండు గంటలు పట్టేది. వెయ్యి నకళ్లు కావాలంటే ఆ మేరకు యంత్రాలూ, వాటిలో క్యాసెట్లు పెట్టి తీసే చేతులూ కావాలి.

జనం ఇళ్లలోకి యంత్రాలు వస్తున్నాయి, వాటిలో వేసుకోవటానికి సినిమాలు లేవు అన్నది బ్లే గమనించాడు. 1977లో పెద్ద స్టూడియోలకు ఉత్తరాలు రాశాడు. మీ చిత్రాలకు నకళ్లు తీసి అమ్మే హక్కు ఇవ్వండి అని అడిగాడు. జవాబిచ్చింది ఒక్క ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ మాత్రమే. కుదిరిన ఒప్పందం ఇది: ఫాక్స్ యాభై చిత్రాల హక్కు ఇస్తుంది. మాగ్నెటిక్ వీడియో ముందుగా 3 లక్షల డాలర్లు కడుతుంది. అమ్మిన ప్రతి క్యాసెట్టుకూ ఏడున్నర డాలర్ల రాయల్టీ. ఏడాదికి ఎంత తక్కువ అమ్మినా 5 లక్షల డాలర్లకు తగ్గకుండా చెల్లించాలి.

ఫాక్స్‌ది దూరదృష్టి అనుకోనక్కరలేదు. ఇచ్చిన చిత్రాలన్నీ థియేటర్లలో ఆడి, టీవీ సంస్థలకు ఒకసారి అమ్ముడుపోయి, పిండవలసిన రసం పిండేశాక మిగిలిన పిప్పి అని దాని లెక్క. పిప్పికి 3 లక్షలు వస్తే కాదనేదెవరు? ఆ పిప్పిలో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’, ‘ప్యాటన్’, ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’, ‘మ్యాష్’ వంటి చిత్రాలున్నాయి.

క్యాసెట్టు ధర సుమారు 50 డాలర్లు. అవి వేసుకొనే యంత్రం వెయ్యి డాలర్లకు పైమాట. బ్లే వీడియో క్లబ్ ఆఫ్ అమెరికా అని ఒక సంఘం పెట్టి, 10 డాలర్ల సభ్యత్వ రుసుముతో తపాలాలో క్యాసెట్లు పంపే ఏర్పాటు చేశాడు. 1977 నవంబరులో ‘టీవీ గైడ్’ వారపత్రికలో ప్రకటన వేశాడు. సుమారు 13,000 మంది డబ్బు కట్టి చేరారు. చలనచిత్రాన్ని పుస్తకంలాగా కొని బీరువాలో పెట్టుకొనే అవకాశం సామాన్య మార్కెట్టులోకి వచ్చింది అప్పుడే. ధర మాత్రం సామాన్యుడిది కాదు. ఆ లోటు తీర్చింది ఎవరూ ఊహించని మనిషి.

అద్దె దుకాణం చేసిన పని

లాస్ ఏంజలిస్‌లో జార్జి అట్కిన్సన్ అనే చిన్న వ్యాపారి ఉన్నాడు. సూపర్ 8 ఫిలింలూ ప్రొజెక్టర్లూ అద్దెకిచ్చి పొట్టపోసుకొనేవాడు. మాగ్నెటిక్ వీడియో విడుదల చేసిన యాభై చిత్రాలనూ అతను కొన్నాడు. 1977 డిసెంబరులో, క్యాసెట్లు అద్దెకిస్తామని స్థానిక దినపత్రికలో చిన్న ప్రకటన వేశాడు. విల్షైర్ బులివార్డ్ మీద దుకాణం తెరిచాడు. ఏడాది సభ్యత్వం 50 డాలర్లు, జీవిత సభ్యత్వం 100 డాలర్లు, క్యాసెట్టు రోజు అద్దె 10 డాలర్లు. కొద్ది ఏళ్లలో అతని పేరుతో వందల దుకాణాలు వెలిశాయి. అతన్ని చూసి పెట్టినవాళ్లకు లెక్కే లేదు.

అట్కిన్సన్ ప్రజాసేవ చేశాడని అనటం లేదు. అతనిది వ్యాపారమే. కాని ఆ వ్యాపారానికి ఆధారమైన చట్ట సూత్రం ప్రజల హక్కు. అది పుస్తకాల ప్రపంచంలో పుట్టింది కనుక మన పాఠకులకు చెప్పటం అవసరం. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో ఒక అమెరికన్ ప్రచురణ సంస్థ తాను వేసిన నవలలో, దీన్ని ఒక డాలరు కంటే తక్కువకు అమ్మితే కాపీరైటు ఉల్లంఘనే అని అచ్చువేసింది. న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణం 89 సెంట్లకు అమ్మింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రతిని ఒకసారి అమ్మిన తర్వాత ఆ ప్రతి మీద ప్రచురణకర్త పెత్తనం ముగిసిందని 1908లో కోర్టు తీర్పు చెప్పింది. తర్వాత అది కాపీరైటు చట్టంలోకే ఎక్కింది. ఒక నవల ధర గురించిన ఆ తగాదాయే డెబ్భై ఏళ్ల తర్వాత సినిమా క్యాసెట్టు అద్దె దుకాణానికి నీడనిచ్చింది. ఫాక్స్ తన చిత్రాలను అమ్మనిచ్చింది. అమ్మిన క్షణంలోనే, తనకు తెలియకుండానే, అద్దె మీద అధికారం వదులుకుంది.

అద్దె రాబడిలో స్టూడియోలకు పైసా లేదు. ఒక్క క్యాసెట్టు వంద ఇళ్లు తిరిగినా వాటికి ముట్టేది ఒక్క అమ్మకం తాలూకు సొమ్మే. అందుకని ఎర్ర క్యాసెట్టును వేరే రూపంలో మళ్లీ తేవటానికి ప్రయత్నించాయి. వార్నర్ సంస్థ 1981లో, క్యాసెట్లు దుకాణాలకు అమ్మకుండా అద్దెకు మాత్రమే ఇచ్చే పథకం పెట్టింది. దుకాణదారులు తిరగబడ్డారు. ఫాక్స్ 1982లో ‘స్టార్ వార్స్’ను మొదట అద్దె క్యాసెట్టుగానే విడుదల చేసింది. అమెరికన్ కాంగ్రెసులో చట్ట సవరణ కోసం కూడా ఒత్తిడి తెచ్చాయి. పాటల రికార్డుల అద్దెను నిషేధిస్తూ 1984లో చట్టం వచ్చింది గాని, వీడియో విషయంలో స్టూడియోల కోరిక నెగ్గలేదు. అప్పటికే వీధి వీధికీ ఉన్న దుకాణాలూ, వాటి సభ్యులూ ఒక శక్తి అయిపోయారు.

సోనీ మీద దావా కూడా అలాగే ముగిసింది. 1979లో కింది కోర్టు సోనీ పక్షాన తీర్పు ఇచ్చింది. 1981లో అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడింది. 1982లో నిర్మాతల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి ఒక చట్టసభ ఉపసంఘం ముందు సాక్ష్యమిస్తూ వీసీఆర్‌ను బోస్టన్‌లో స్త్రీలను గొంతు నులిమి చంపిన హంతకుడితో పోల్చాడు. 1984 జనవరిలో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి సోనీనే సమర్థించింది. ఆ దశాబ్దం ముగియకముందే స్టూడియోలకు థియేటర్ల మీద కంటే వీడియో మీద ఎక్కువ రాబడి రాసాగింది. హంతకుడని పిలిచినవాడే అన్నదాత అయ్యాడు.

మాగ్నెటిక్ వీడియో సంగతి? దాని జయమే దాని అంతానికి దారి తీసింది. పిప్పి అనుకున్నది బంగారమని తెలియగానే ఫాక్స్ 1979లో ఆ కంపెనీని సుమారు 72 లక్షల డాలర్లకు కొనేసింది. 1982లో దాని పేరు సైతం చెరిపివేసి, తర్వాత సీబీఎస్ సంస్థతో కలిపి సీబీఎస్/ఫాక్స్ వీడియో చేసింది. బ్లే వేరే కంపెనీలకు మళ్లాడు, 2018లో కన్నుమూశాడు. దారి వేసేది చిన్న పెట్టుబడి, సాహసం దానిది, నష్టభయం దానిది. దారి గట్టిపడ్డాక టోలు గేటు పెట్టేది పెద్ద పెట్టుబడి. అద్దె దుకాణాలకూ ఇదే గతి పట్టింది. 1985లో డల్లస్‌లో మొదలైన బ్లాక్‌బస్టర్ సంస్థ వీధి దుకాణాలను మింగింది, 1994లో వయాకామ్ దాన్ని మింగింది, 2010లో అదీ దివాలా తీసింది.

రాసినవాడి వాటా

ఇంతవరకూ యంత్రం చేసినవాడి గురించి, హక్కులున్నవాడి గురించి, నకలు తీసినవాడి గురించి, అద్దెకిచ్చినవాడి గురించి మాట్లాడాము. రాసినవాడు ఎక్కడ?

ఆ యాభై చిత్రాల్లో ఉన్న ‘మ్యాష్’నే తీసుకుందాం. దాని చిత్రానువాదం రాసింది రింగ్ లార్డ్‌నర్ జూనియర్. 1947లో అమెరికన్ చట్టసభ సంఘం అతన్ని పిలిచి కమ్యూనిస్టువా కాదా అని నిలదీస్తే, ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు లేదన్న పదిమందిలో ఒకడు. అప్పుడతను ఫాక్స్ ఉద్యోగి. ఫాక్స్ అతన్ని తీసేసింది. 1950లో జైలుకు వెళ్లాడు. తర్వాత చాలా ఏళ్లు పేరు దాచుకొని రాశాడు. ‘మ్యాష్’కు అతనికి ఆస్కార్ వచ్చింది. ఉద్యోగంలోంచి తరిమిన సంస్థకే అతని రచన మీద హక్కు. ఆ సంస్థ 1977లో యాభై చిత్రాలను కట్టగా కట్టి ఒప్పందం రాసుకున్నప్పుడు, సంతకాలు హక్కుదారువీ నకళ్లవాడివీ. రాసినవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు.

రచయితలూ నటులూ ఊరుకున్నారా అంటే, లేదు. 1980లో అమెరికన్ నటుల సంఘాలు జులై నుంచి అక్టోబరు దాకా సమ్మె చేశాయి. క్యాసెట్ల మీదా, డబ్బు కట్టి చూసే టీవీ మీదా వచ్చే ఆదాయంలో వాటా అందులో ప్రధానమైన కోరిక. 1985లో రచయితల సంఘం సమ్మె చేసింది. రెండు వారాల్లో అది తడబడి ముగిసింది. స్థిరపడిన లెక్క ఎలా ఉందో చూడండి. టోకు అమ్మకంలో నూటికి ఎనభై వంతులు ముందే పక్కన పెట్టేస్తారు, క్యాసెట్టు తయారీకీ పంపిణీకీ ఖర్చు ఎక్కువ అని కారణం. మిగిలిన ఇరవై వంతుల మీద, మొదటి పది లక్షల డాలర్ల దాకా నూటికి ఒకటిన్నర, ఆపైన 1.8 రచయితకు. టోకు ధర 50 డాలర్లయితే లెక్కకు వచ్చేది 10 డాలర్లు. అందులో రచన తాలూకు వాటా 15 సెంట్లు. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తే అదే పంచుకోవాలి.

ఒక్కొక్క నకలుకు రెండు గంటలు పట్టే రోజుల్లో ఖర్చు వాదంలో కొంత నిజం ఉంది. తర్వాత ఖర్చు తగ్గింది, డీవీడీ వచ్చాక నామమాత్రమయింది. లెక్క మాత్రం మారలేదు. డీవీడీ ఒకదానికి నాలుగైదు సెంట్లే రచయితకు దక్కుతున్నాయని 2007లో సంఘం మళ్లీ సమ్మెకు దిగింది. నవంబరు నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా సాగిన ఆ సమ్మెలో ఇంటర్నెట్ మీద హక్కు సాధించారు గాని, డీవీడీ వాటా పెంచాలన్న కోరిక వదులుకోవలసి వచ్చింది. కొత్త యంత్రం వచ్చిన తొలి రోజుల్లో, దాని విలువ ఎవరికీ తెలియనప్పుడు ఒప్పుకున్న చెడ్డ లెక్క పాతికేళ్లు మెడకు చుట్టుకుంటుంది. ఈ చరిత్రలో రచయితల సంఘాలకున్న మొదటి పాఠం ఇదే.

మన వీధుల్లో

ఈ కథకు మన దేశంలో కొనసాగింపు ఉంది. గల్ఫ్ దేశాలకు పనికిపోయినవాళ్లు వస్తూ వస్తూ వీసీఆర్‌లు తెచ్చారు. 1982లో ఆసియా క్రీడల నాటికి రంగుల టీవీ వచ్చింది. పట్టణాల్లో వీడియో లైబ్రరీలూ, వీడియో పార్లర్లూ, రాత్రి ప్రయాణాలకు వీడియో బస్సులూ వచ్చాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు భారతీయ కిరాణా దుకాణాల్లో పప్పూ చింతపండుతో పాటు తెలుగు సినిమా క్యాసెట్లూ అద్దెకు దొరికేవి. మన దగ్గర తిరిగిన క్యాసెట్లలో అధిక భాగం దొంగ నకళ్లు కావటంతో, 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి జైలుశిక్షలు కఠినం చేశారు.

డిటెక్టివ్ నవలలను రోజు అద్దెకిచ్చిన దుకాణాలు చూసిన తెలుగువాళ్లకు అట్కిన్సన్ వ్యాపారం కొత్తది కాదు. ఆ నవల ఎన్ని చేతులు మారినా రచయితకు పైసా అదనంగా రాలేదన్నదీ కొత్త కాదు. కాని ఆ దుకాణం లేకపోతే ఆ పాఠకుడే లేడు. కాపీరైటును ఏకమొత్తంగా ప్రచురణకర్తకు అమ్మేసుకున్న తెలుగు రచయిత పేదరికానికి కారణం అద్దె దుకాణమా, ఆ అమ్మకమా? జవాబు మనకు తెలిసినదే. పాఠకుడి చేతిలో ప్రతి ఉండటం వల్ల రచయిత నష్టపోయాడని హక్కుదారు చెపుతాడు. రచయిత వాటా ఎనభై వంతులు కోసేసినవాడే ఈ మాట చెపుతాడని మరువరాదు.

మళ్లీ ఎర్ర క్యాసెట్టు

సోనీ బీటామాక్స్ రికార్డర్ల తయారీని 2002లో ఆపింది. లోకంలో చివరిగా వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన ఫునాయ్ కంపెనీ 2016లో ఆపింది. 1976లో దావా వేసిన డిస్నీయే 2019లో ఫాక్స్ చిత్ర సంస్థను కొన్నది. మాగ్నెటిక్ వీడియో నకలు తీసిన ఫాక్స్ చిత్రాలు ఆ విధంగా క్యాసెట్టును నిలువరించాలని కోర్టుకెక్కినవాళ్ల చేతికి చేరాయి. కొన్న డీవీడీలను తపాలాలో అద్దెకు తిప్పటంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్, 1908 నాటి సూత్రం నీడలోనే పెరిగి, 2023 సెప్టెంబరులో ఆ పని మానేసింది. అదే ఏడాది మే నుంచి సెప్టెంబరు దాకా అమెరికన్ రచయితలు సమ్మెలో ఉన్నారు. ప్రసారమయ్యే చిత్రాన్ని ఎంతమంది చూశారో తమకు చెప్పాలన్నది వాళ్ల కోరికల్లో ఒకటి.

ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి సంబంధించినవి. ఇవాళ నెలసరి చందా కట్టి చూసేవాడి చేతిలో ప్రతి లేదు. ఇవ్వటానికి, అమ్మటానికి, దాచటానికి ఏమీ లేదు. సంస్థ తలచుకుంటే నిన్న ఉన్న చిత్రం ఇవాళ ఉండదు. 1972 నాటి ఎర్ర క్యాసెట్టు కల 50 ఏళ్లకు నెరవేరింది. ప్రతి పోయినప్పుడు పాఠకుడి హక్కు మాత్రమే పోదు. ప్రతి అంటే లెక్కించటానికి వీలైన వస్తువు. ఏడున్నర డాలర్లయినా, 15 సెంట్లయినా లెక్క కట్టింది ప్రతి మీదనే. అది మాయమైతే రచయిత చేతిలో ఉన్న కొలబద్ద కూడా మాయమవుతుంది. అందుకే లెక్క చెప్పండి అని అడగటానికే అయిదు నెలలు సమ్మె చెయ్యవలసి వచ్చింది.

కనుక పాఠకుడి హక్కునూ రచయిత వాటానూ ఒకదానికొకటి శత్రువులుగా నిలబెట్టే వాదాన్ని మనం తిప్పికొట్టాలి. ఆ రెంటినీ విడదీసి ఒక్కొక్కటిగా లాక్కున్నది ఒకే చెయ్యి. తెలుగు రచన కూడా ఇప్పుడు కాగితం దాటి తెర మీదికీ, ధ్వని రూపంలోకీ వెళుతున్నది. ఆ ఒప్పందాలు ఇవాళ తొలి రోజుల్లో ఉన్నాయి, వాటి విలువ ఎవరికీ సరిగా తెలియదు. సంతకం పెట్టేముందు ప్రతి రచయితా, రచయితల ప్రతి సంఘమూ రెండు ప్రశ్నలు అడగాలి. పాఠకుడి చేతిలో ఏమి మిగులుతుంది? లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?